తెల్ల గోడల ఊరిలో మిగిలిన మాటలు



ఇంతవరకు మన పక్క కోటలు, మహళ్లు, గుళ్ల గురించే రాస్తూ వచ్చాం. ఈసారి కాస్త దూరం పోదాం. స్పెయిన్ దేశానికి దక్షిణాన ఆండలూసియా అని ఒక సీమ ఉంది. అందులో మాలగా జిల్లా. ఆ జిల్లాలో సముద్రం ఒడ్డున నెర్హా అనే పట్టణం. అక్కడినుంచి కొండ పక్కకు ఆరు కిలోమీటర్లు ఎక్కితే ఫ్రిహిలియానా అనే ఊరు వస్తుంది. జనం మూడు వేల చిల్లర. మన పక్క ఒక మామూలు పల్లెటూరు అంత. అయినా ఏడాది పొడవునా ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని చూడడానికి వస్తూనే ఉంటారు.

మన సంఘం వాళ్లకు ఆ ఊరి కథ దేనికి అని కొందరు అడగవచ్చు. ఒక జనాన్ని, వాళ్ల భాషను ఒక ఊరినుంచి తీసివేస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది అన్న సంగతి ఆ వీధుల్లో నడుస్తూనే చూడవచ్చు. సొంత భాష ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, ఆఫీసులో ఇంకొకటిగా బతికే మనవంటి వాళ్లకు అది తెలుసుకోవలసిన సంగతి. అందుకే రాస్తున్నాం.

రైల్వేలో పనిచేసిన వాళ్లం, ముందు దారి చెప్పకుంటే మాకు తృప్తి ఉండదు. ఈ ఊరికి రైలు లేదు, నెర్హాకూ లేదు. మాలగా వరకే రైలు, అక్కడినుంచి బస్సు. నెర్హాలో దిగి ఇంకో చిన్న బస్సు ఎక్కాలి. ఒకప్పుడు మాలగా నుంచి సముద్రం వెంబడి వేలెస్ మాలగా అనే పట్టణం వరకు మీటర్ గేజ్ బండి నడిచేది. దాన్నీ 1968లో మూసేశారు. మన మీటర్ గేజ్ లైన్లు పోయినప్పుడు మనం ఎట్లా బాధపడ్డామో, అక్కడివాళ్లూ అట్లాగే బాధపడి ఉంటారు.

ఊరికి వస్తాం. కొండ వాలు మీద తెల్లటి సున్నం కొట్టిన ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి కూర్చున్నట్టు ఉంటాయి. పాత పేట పేరు బార్రిబార్తో. వీధులు బహు ఇరుకు. కొన్నిచోట్ల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. ఎక్కువ వీధులు మెట్లే. మెట్ల మీద, నేల మీద నల్లవి తెల్లవి గులకరాళ్లు పరిచి ముగ్గు వేసినట్టు చేసి ఉంటారు. గడపల దగ్గర పూల కుండీలు. పైకి చూస్తే అల్మిహారా కొండలు, కిందికి చూస్తే నీలం సముద్రం. పోస్టు కార్డులో చూసేది ఇంతే. దీన్ని కట్టిందెవరు అన్నది పోస్టు కార్డులో ఉండదు.

ఊరి పేరు రోమన్ల కాలం నాటిది అంటారు. కానీ ఆ ఇరుకు వీధుల పొందిక, ఇళ్ల ఒరవడి ముస్లిం పాలకుల కాలంలో అక్కడ బతికిన జనానిది. దక్షిణ స్పెయిన్‌లో ఆ పాలన 711 నుంచి 1492 దాకా ఏదో ఒక రూపంలో, ఏదో ఒక మేర సాగింది. అంటే దగ్గర దగ్గర 800 ఏండ్లు. ఈ పక్క పల్లెలు మాత్రం 1487లోనే, వేలెస్ మాలగా పడిపోయిన కాలంలో, క్రైస్తవ రాజుల చేతికి పోయాయి. 1492లో గ్రనడా నగరం కూడా పోయింది. గ్రనడా లొంగినప్పుడు ఒప్పందం రాసుకున్నారు. మీ మతం మీది, మీ ఆచారం మీది, మీ న్యాయస్థానం మీది అని మాట ఇచ్చారు. ఆ మాట పదేండ్లు కూడా నిలవలేదు. 1499 నుంచి బలవంతంగా బాప్తిస్మాలు మొదలయ్యాయి. గ్రనడా నడివీధిలో అరబ్బీ పుస్తకాలు కుప్పపోసి కాల్చారు. 1502 నాటికి ఆ సీమలో పేరుకు ముస్లిం అనేవాడు లేడు. అట్లా మతం మార్చబడిన జనాన్ని మొరిస్కోలు అన్నారు.

మతం పేరు మారింది గాని ఇంట్లో మాట్లాడే అరబ్బీ మారలేదు. బట్ట మారలేదు, వంట మారలేదు, పెండ్లి పాటలు మారలేదు. అవి కూడా మానాలని 1526లో ఒకసారి ఉత్తరువు వచ్చింది. మొరిస్కోలు పెద్ద మొత్తం చెల్లించి దాన్ని 40 ఏండ్లు వాయిదా వేయించుకున్నారు. సొంత భాష మాట్లాడుకోవడానికి డబ్బు కట్టిన జనం వాళ్లు.

వాయిదా తీరింది. 1567 జనవరి 1న రాజు రెండవ ఫిలిప్ పేరుతో కొత్త ఉత్తరువును గ్రనడాలో చాటించారు. మూడేండ్లలోపు అందరూ కాస్తిలియన్ భాష, అంటే ఇప్పుడు మనం స్పానిష్ అనేది, నేర్చుకోవాలి. ఆ తరువాత అరబ్బీ మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు. బయటా కూడదు, ఇంట్లోనూ కూడదు. అరబ్బీలో రాసుకున్న దస్తావేజులు చెల్లవు. పుస్తకాలు తెచ్చి అప్పగించాలి. పాత పేర్లు, పాత బట్టలు, స్నానశాలలు అన్నీ మానాలి. శుక్రవారాలు, పండుగ రోజులు ఇంటి తలుపులు తెరిచి పెట్టాలి, లోపల ఏం జరుగుతుందో కనబడాలి.

ఆ ఏడు గుర్తు పెట్టుకోండి. అంతకు రెండేండ్ల ముందు, 1565లో, ఇక్కడ తళ్లికోట యుద్ధం జరిగి విజయనగరం పాడయింది. మధురలో, తంజావూరులో, జింజిలో నాయకులు నిలదొక్కుకుంటున్న కాలం అది. మనలో చాలామంది పెద్దలు ఈ దక్షిణ సీమకు వచ్చి స్థిరపడింది ఆ నాయకుల కాలంలోనే. ఇక్కడ మనవాళ్లు వేరే భాష నేల మీద తమ భాషతో ఇల్లు కట్టుకుంటున్న రోజుల్లోనే, అక్కడ ఆ మొరిస్కోలకు సొంత నేల మీదే సొంత భాష నేరమైపోయింది.

ఆ ఉత్తరువు మీద ఒక పెద్దమనిషి అర్జీ పెట్టుకున్నాడు. పేరు ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములేయ్. మొరిస్కో కులీనుడు, అప్పటికి బాగా వయసు మళ్లినవాడు. గ్రనడా న్యాయస్థానం అధ్యక్షునికి ఆయన ఇచ్చిన ఆ అర్జీ ఈనాటికీ ఉంది. మేము ఆఫీసులో ఎన్నో అర్జీలు చూశాం, రాశాం. ఇంత చక్కగా వాదం పేర్చిన అర్జీ అరుదు. ఆయన చెప్పిన దాని సారం ఇది. బట్ట వేరు, మతం వేరు. స్పెయిన్‌లో ఒక్కో సీమవాళ్లు ఒక్కో తీరుగా బట్టలు కడతారు, ఎవరూ వాళ్ల మతాన్ని శంకించరు, మమ్మల్నే ఎందుకు శంకిస్తారు అని అడిగాడు. తూర్పు దేశాల్లోనూ మాల్టాలోనూ క్రైస్తవులు ఉన్నారు, వాళ్లు మాట్లాడేది అరబ్బీయే కదా, భాషకూ విశ్వాసానికీ ముడి ఎక్కడ ఉంది అన్నాడు. పల్లెల్లో ముసలివాళ్లకు మూడేండ్లలో కొత్త భాష ఎట్లా వస్తుంది అని కూడా ఎత్తిచూపాడు. న్యాయస్థానం అర్జీని పక్కన పెట్టింది.

1568 డిసెంబర్ 24 రాత్రి అల్పుహర్రా కొండల్లో తిరుగుబాటు లేచింది. మరుసటి ఏడు వేసవికి అది ఫ్రిహిలియానా పక్కకు పాకింది. చుట్టుపక్కల పల్లెల మొరిస్కోలు వేల సంఖ్యలో ఆడవాళ్లతో, పిల్లలతో సహా ఊరి పైనున్న కొండ ఎక్కి తలదాచుకున్నారు. వాళ్లకు నాయకుడు ఎర్నాందో ఎల్ దర్రా. మొదట వచ్చిన మాలగా, వేలెస్ దండును వాళ్లు వెనక్కి కొట్టారు. ఆ తరువాత ఇటలీ నుంచి ఓడల మీద వచ్చిన సైనికులతో లూయిస్ దె రెకెసెన్స్ అనే సేనాపతి తీరంలో దిగాడు. 1569 జూన్‌లో కొండ పడిపోయింది. రెండు పక్కలా చాలామంది చచ్చారు. పట్టుబడినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లను బానిసలుగా పంచుకున్నారు. చేతికి చిక్కడం ఇష్టంలేని ఆడవాళ్లు కొండ మీదినుంచి లోయలోకి దూకారని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కొండను ఇప్పుడు ఎల్ ఫుయెర్తె అంటారు. ఓపిక ఉన్నవాళ్లు నడిచి ఎక్కుతారు.

1570 నవంబర్‌లో గ్రనడా సీమ మొరిస్కోలను చలికాలంలో కాలినడకన ఉత్తరాదికి తరలించారు. ఆ ఒక్క నెలలోనే సుమారు 50,000 మంది అని చరిత్రకారుల అంచనా. దారిలో పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు అక్కడక్కడా చెదిరిపోయారు. చివరికి 1609 నుంచి 1614 దాకా, మూడవ ఫిలిప్ రాజు కాలంలో, మొత్తం స్పెయిన్ నుంచే మొరిస్కోలను ఓడలెక్కించి పంపివేశారు. సుమారు 3,00,000 మంది. చాలామంది మొరాకోలో, ట్యునీషియాలో దిగారు. తమాషా ఏమిటంటే, అప్పటికే వాళ్లలో చాలామందికి అరబ్బీ సరిగా రాదు. స్పెయిన్‌లో అరబ్బువాళ్లు అన్నారు, అక్కడ దిగితే స్పెయిన్‌వాళ్లు అన్నారు. ఈ మాట మన చెవికి కొత్తగా ఉండదు.

ఖాళీ అయిన ఊళ్లకు స్పెయిన్‌లోని వేరే సీమలనుంచి జనాన్ని తెచ్చి పెట్టారు. ఇళ్లు, పొలాలు, చెట్లు లెక్క కట్టి, భాగాలు వేసి, పుస్తకాల్లో రాసి పంచిపెట్టారు. అట్లాంటి పుస్తకాలు ఈనాటికీ ఉన్నాయి. చరిత్ర రాసేవాళ్లకు అవే ఆధారం. కొన్ని ఊళ్లలో హద్దులు, కాలువలు చూపించడానికి పాత మనుషుల్ని కొందరిని ఉంచుకున్నారు కూడా. నీళ్లు ఏ గట్టు మీదుగా ఏ చేనుకు పారాలో కొత్తగా వచ్చినవాడికి తెలియదు కదా.

ఇప్పుడు ఫ్రిహిలియానాలో చూడవలసిన కట్టడాలు చెబుతాం. వరుసగా చూస్తే మొత్తం కథ అందులోనే ఉంటుంది.

ఊరి నెత్తిన లిసార్ కోట ఉండేది. 1569 యుద్ధం తరువాత అది పాడుపడింది. ఇప్పుడు మొండి పునాదులే మిగిలాయి. కింద ఊరి మొదట్లో ఎల్ ఇంహేనియో అనే పెద్ద మేడ ఉంది. ఆ సీమకు ప్రభువులైన మన్రికె దె లారా వంశం వాళ్లు 16వ శతాబ్దం చివర కట్టించింది. పడిపోయిన కోట రాళ్లే కొన్ని దీని గోడల్లోకి వచ్చాయి అంటారు. పాత వారి రాయి కొత్త వారి గోడ కావడం ఏ దేశంలోనైనా చూస్తాం. కొంచెం ఇవతల కాసా దెల్ అపెరో, ఆ ప్రభువుల సరుకు, పనిముట్లు పెట్టుకున్న ఇల్లు. ఇప్పుడు అందులో మ్యూజియం నడుపుతున్నారు. 17వ శతాబ్దపు పాత నీటి ధార ఒకటి ఉంది, దాని మీద ఆ వంశం చిహ్నం చెక్కి ఉంటుంది. 1676లో కట్టిన సాన్ అంతోనియో చర్చి ఊరి నడుమ ఉంది. 1767 నాటి ధాన్యం కొట్టు కూడా ఉంది. కరువు వస్తే రైతుకు విత్తనాలు అప్పు ఇచ్చేందుకు అట్లాంటి కొట్లు పెట్టేవారు. దాని కమానుల కింద ఇప్పుడు ఇళ్లు, అంగళ్లు.

ఎల్ ఇంహేనియో దగ్గర కాసేపు ఆగాలి. ఇంహేనియో అంటే చెరకు గానుగ. ఆ మేడలో ఈనాటికీ చెరకు పాకం తయారు చేస్తారు. దాన్ని అక్కడ ‘చెరకు తేనె’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. రసాన్ని వడకట్టి, బాగా మరిగించి, చిక్కగా నల్లగా అయ్యాక దించుతారు. అంటే మనం బెల్లం కాచేటప్పుడు గడ్డ కట్టే ముందు దశ. అనకాపల్లి పక్క బెల్లం వండేచోట నిలబడి చూసినవాళ్లకు ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కర్లేదు. యూరప్ ప్రధాన భూభాగంలో ఈ పని చేసే ఫ్యాక్టరీ ఇదొక్కటే మిగిలింది అని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ తీరంలో చక్కెర తీసే చివరి మిల్లు, సలోబ్రేన్యా దగ్గరిది, 2006లో మూతపడింది. వెయ్యేండ్లు పండిన చెరకు సాగు దాంతో ముగిసింది.

ఆ చెరకును అక్కడికి తెచ్చింది అరబ్బులు. అరబ్బులకు అది పర్షియా దారిలో వచ్చింది. పర్షియాకు మన దేశంనుంచి పోయింది. మాట కూడా సరుకుతోపాటే ప్రయాణం చేసింది. సంస్కృతంలో శర్కర, పర్షియన్‌లో షకర్, అరబ్బీలో సుక్కర్, స్పానిష్‌లో అసూకార్. తెలుగులో చక్కెర, తమిళంలో సర్క్కరై. పార్సిల్ ఆఫీసులో ఒక మూట స్టేషను స్టేషనుకు లేబుల్ మారుతూ పోయినట్టు పోయింది ఆ మాట.

నారింజ సంగతీ అంతే. సంస్కృతంలో నారంగ, పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహ. దీని వేరు మన దక్షిణాది భాషల్లోనే ఉందని పండితులు చాలామంది అంటారు, తమిళంలో నారత్తై అనే మాట చూపిస్తారు. ఇంక వంకాయ. ఫ్రిహిలియానాలో హోటలుకు పోతే తప్పక పెట్టే వంటకం, వంకాయ ముక్కలు పిండిలో ముంచి నూనెలో వేయించి పైన ఈ చెరకు పాకం పోస్తారు. వంకాయను వాళ్లు బెరెన్‌హేనా అంటారు. అరబ్బీ బాదింజాన్ నుంచి వచ్చిన మాట, అంతకు ముందు పర్షియన్, అంతకు ముందు సంస్కృతం. ఆ సంస్కృత మాటకు మూలం కూడా ద్రావిడ భాషల్లో ఉందని కొందరి అభిప్రాయం. మేము బడిలో తమిళంలో చదివిన వాళ్లం కాబట్టి పాత తమిళ పుస్తకాల్లో వంకాయకు ఉన్న వళుదుణంగాయ్ అనే పేరు మాకు తెలుసు. ఇంట్లో వంకాయ, బడిలో కత్తరిక్కాయ్, పాత పుస్తకంలో వళుదుణంగాయ్, స్పెయిన్‌లో బెరెన్‌హేనా. కాయ ఒకటే.

నీటి మాటలూ అట్లాగే మిగిలాయి. పొలం కాలువను ఆండలూసియా రైతు ఈనాటికీ అసేకియా అంటాడు, నీటి తొట్టిని అల్బెర్కా అంటాడు. రెండూ అరబ్బీవే. ఊరిలో ఒక అందమైన మెట్ల సందు పేరు సకతీన్, అదీ అరబ్బీ మాటే, పాతబట్టల వ్యాపారుల వీధి అని అర్థం. నూనె అసెయితె, పత్తి అల్గోదోన్, బియ్యం అర్రోస్, చివరికి ఊరి మేయరు అల్కాల్దె. అన్నీ ఆ మూలంనుంచి వచ్చినవే. అరబ్బీ మాట్లాడకూడదని 1567లో ఉత్తరువు చాటించిన అధికారి కూడా ఆ సాయంత్రం ఇంటికి పోయి అసెయితె, అసూకార్ అడిగి ఉంటాడు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మాట మిగలడం వేరు, భాష మిగలడం వేరు. ఆ నాలుగు వేల చిల్లర మాటలు స్పానిష్‌లో కలిసి బతుకుతున్నాయి. కానీ ఆ మాటలతో కథ చెప్పే అవ్వ లేదు, జోల పాడే తల్లి లేదు, తిట్టే తాత లేడు. గోడలో కోట రాయి ఉంది, కోట లేదు. ఈ ఊరు మనకు చెప్పేది ఇదే అని మాకు తోస్తుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పి తీరాలి. పాత పేట వీధుల్లో గోడలకు 12 పింగాణీ టైల్సు పలకలు అమర్చి ఉన్నాయి. బొమ్మలు, కింద రాత. మొరిస్కోల తిరుగుబాటు, కొండ మీది యుద్ధం, చివరికి వాళ్ల ఓటమి, అంతా వరుసగా చెబుతాయి. ఇప్పుడు ఊరిలో ఉంటున్న పాత కుటుంబాలు ఎక్కువగా గెలిచినవాళ్ల తరువాత వచ్చి స్థిరపడ్డవాళ్ల సంతతి. వాళ్లే తమ గోడల మీద ఓడిపోయినవాళ్ల కథ రాయించి పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు చివర క్రైస్తవ, ముస్లిం, యూదు మూడు సంస్కృతుల పేరుతో ఉత్సవం కూడా చేస్తారు. టూరిస్టుల కోసమే కదా అని కొట్టివేసేవాళ్లు ఉంటారు. కొంత నిజమే కావచ్చు. అయినా వీధిలో ఆడుకునే పిల్లవాడు రోజూ ఆ పలక ముందునుంచి పోతాడు. ఈ మెట్లు ఎవరు కట్టారని అడిగితే గోడే జవాబు చెబుతుంది. అది చిన్న సంగతి కాదు.

మన సంగతికి వద్దాం. మనకు ఎవరూ ఉత్తరువు చాటలేదు. ఈ నేల మనకు అన్నం పెట్టింది, చదువు ఇచ్చింది, ఉద్యోగం ఇచ్చింది. తమిళం మాకు చదువు చెప్పిన తల్లి, ఆ రుణం తీరేది కాదు. మూడేండ్లలో భాష మానమని మనల్ని అడిగినవాళ్లు లేరు. అయినా మూడు తరాల్లో ఏం జరుగుతున్నదో ఒక్కొక్కరి ఇంట్లో చూసుకోండి. తాతకు చదవడం రాకపోయినా మాట్లాడడం నిండుగా వచ్చు. కొడుకుకు సగం వచ్చు. మనవడికి అమ్మ, అవ్వ, నీళ్లు, బువ్వ వరకే వచ్చు. అంటే మనమూ అసేకియా, అసూకార్ దశకు వస్తున్నాం. మనకు మిగలబోయేది కూడా వంటింటి మాటలే.

నూన్యెస్ ములేయ్ తన భాష కోసం అర్జీ రాశాడు, వినేవాడు లేడు. మనం ఎవరికీ అర్జీ పెట్టనక్కర్లేదు. సంఘానికి ఒక చిన్న మనవి మాత్రం చేస్తున్నాం. ప్రతి ఇంట్లోనూ పెద్దవయసు వాళ్లు వాడే మాటలు ఒక నోటుబుక్కులో రాయించండి. వంట మాటలు, చేని మాటలు, నేత మాటలు, చుట్టరికం మాటలు, సామెతలు, తిట్లు కూడా. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనైనా రాయండి. మాట ఏ బట్ట కట్టుకున్నా మాటే. సంఘం కట్టడం గోడలు ఇంకా బోసిగా ఉన్నాయి. వాటి మీద దాతల పేర్ల పక్కన మన ఊరు ఎప్పుడు కట్టారు, మొదట వచ్చిన ఇళ్లు ఎన్ని, ఏ పక్కనుంచి వచ్చారు, బావి ఎవరు తవ్వించారు అని ఒక నాలుగు పలకలు పెట్టిద్దాం. మనకంటే ముందు ఆ నేల మీద ఉన్నవాళ్ల పేరు కూడా అందులో రాద్దాం. ఫ్రిహిలియానావాళ్లు చేసిన పని అదే కదా.

మన పిల్లల్లో కొందరు యూరప్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవుల్లో ఆ పక్కకు పోయేవాళ్లకు ఈ వ్యాసం చదివి వినిపించండి. తెల్ల గోడల ముందు ఫోటోలు తీసుకోమనండి, వద్దనం. ఆ 12 పలకలు కూడా వరుసగా చూసి రమ్మనండి. వంకాయ వేపుడు మీద చెరకు పాకం పోసి పెడితే, ఈ రెండింటి పేర్లూ మన పక్కనుంచే పోయాయమ్మా అని ఆ హోటలువాళ్లకు చెప్పి రమ్మనండి.

మీ ఇళ్లలో మాత్రమే వాడే పాత మాటలు ఏమైనా ఉంటే కింద రాయండి. మేము ఒక పుస్తకం తెరిచి పెట్టాం, ఒక్కొక్కటే ఎక్కిస్తాం.